ఈస్టర్, పునరుత్థానం: ఓరుగల్లు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం, అంటే శ్రమల దినాలు, మొదలయ్యాయంటే చాలు, మా సంఘంలో యూత్ పిల్లల దగ్గర్నుంచి పక్కింటి వాళ్ల వరకు అందరికీ ఏదో ఒక సందేహం వస్తుంది. నేను పాస్టర్‌ని కాదు, హనుమకొండలో సండే స్కూల్ పాఠాలు చెప్పే మనిషిని. ఎక్కువమంది అడిగేవి, నాకు ఇష్టమైనవి కలిపి ఇక్కడ పెట్టాను. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నింటికి కాదు.

ఈస్టర్ అంటే అసలు ఏం పండుగ?

సిలువ మీద చనిపోయి సమాధిలో ఉన్న యేసును దేవుడు మూడో రోజున లేపాడని క్రైస్తవులు నమ్ముతారు. ఆ లేవడమే పునరుత్థానం. కాథలిక్కులు ఎక్కువగా ఉత్థానం అంటారు. దాన్ని జ్ఞాపకం చేసుకునే పండుగ ఈస్టర్, గుడ్ ఫ్రైడే తర్వాత వచ్చే ఆదివారం.

ఇంతవరకు చాలామందికి తెలుసు. అయితే ఇందులో అసలు సంగతి తరచుగా జారిపోతుంటుంది. యేసు ఆత్మ పైకి వెళ్లిపోయిందనో, ఆయన బోధ శిష్యుల గుండెల్లో బతికి ఉందనో ఈస్టర్ చెప్పదు. సమాధిలో పడుకోబెట్టిన ఒంటికి ఏమైందో చెబుతుంది. ఆ ఒళ్లే లేచింది, మేకుల గాయాలతో సహా. కింది జవాబుల్లో చాలావరకు తిరిగి తిరిగి ఈ మాట దగ్గరికే వస్తాయి.

క్రిస్మస్ పెద్దదా, ఈస్టర్ పెద్దదా?

సందడి చూస్తే క్రిస్మస్, విశ్వాసం చూస్తే ఈస్టర్. డిసెంబర్ 25న క్రీస్తు పుట్టుకను జరుపుకున్నట్టు దొరికే పాత ఆధారం రోమ్‌లో 336వ సంవత్సరం నాటిది. ఈస్టర్‌ను ఏ రోజున చేయాలన్న దాని మీద మాత్రం రెండో శతాబ్దంలోనే సంఘాలు పోట్లాడుకున్నాయి. అంటే అప్పటికే అది అంత ముఖ్యమైన పండుగ. అంతెందుకు, ప్రతి ఆదివారం చర్చికి పోవడమే ఈస్టర్ వల్ల వచ్చిన అలవాటు. మొదటి శిష్యులంతా యూదులు. వాళ్ల విశ్రాంతి దినం శనివారం. అలాంటి వాళ్లు ఆదివారం నాడు కూడుకోవడం మొదలుపెట్టారు, ఎందుకంటే సమాధి ఖాళీగా కనిపించింది ఆ రోజే. క్రీస్తు లేవకపోతే మా ప్రకటనా వట్టిదే, మీ విశ్వాసమూ వట్టిదేనని తొలి తరం బోధకుడు పౌలు కొరింథు పట్టణంలోని సంఘానికి మొహమాటం లేకుండా రాశాడు. క్రిస్మస్ గురించి అలాంటి మాట కొత్త నిబంధనలో ఎక్కడా లేదు.

మన సంఘాల మీద నాకొక ఫిర్యాదు ఉంది. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండింటి నుంచి మూడింటి దాకా, ఆ ఎండలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగాలు చెబుతుంటే కదలకుండా కూర్చుంటాం. చర్చి బయట షామియానా వేసినా కుర్చీలు సరిపోవు. ఈస్టర్ నాడు మాత్రం తెల్లవారుజామున ఒక ఆరాధన, తర్వాత ఒక ఆరాధన, మధ్యాహ్నానికి బగారా అన్నం, మటన్, నిద్ర. నలభై రోజులు నీచు ముట్టనివాళ్లు ఆ మటన్ కోసం ఎదురుచూడటంలో తప్పేం లేదు. కానీ శుక్రవారం వచ్చినవాళ్లలో సగం మంది ఆదివారం కనిపించరు. సిలువ దగ్గర కథ ఆపేసి ఇంటికి వెళ్లిపోయినట్టే కదా.

తేదీ ప్రతి ఏడూ ఎందుకు మారుతుంది?

చంద్రుణ్ని బట్టి లెక్క కాబట్టి. యేసు చనిపోయింది యూదుల పస్కా పండుగ సమయంలో, పస్కా వచ్చేది పున్నమికి. అందుకని మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక వచ్చే ఆదివారాన్ని ఈస్టర్‌గా లెక్కగడతారు. అన్ని సంఘాలూ ఒకే ఆదివారం చేయాలని 325లో నైసియాలో కూడిన బిషప్‌ల సభ నిర్ణయించింది. ఈ లెక్కన ఈస్టర్ మార్చి 22కి ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు.

మన దగ్గర దీన్ని గుర్తుపట్టడం సులువు. చాలా ఏళ్లలో ఆ పున్నమి చైత్ర పౌర్ణమే అవుతుంది. అంటే చిన్న హనుమాన్ జయంతికి కాషాయం బట్టలు కట్టుకుని దీక్షాపరులు కొండగట్టుకు నడిచే రోజుల్లోనే అటూ ఇటుగా మా పవిత్ర వారం నడుస్తుంటుంది. 2026లో హనుమాన్ జయంతి ఏప్రిల్ 2, ఈస్టర్ ఏప్రిల్ 5. కొన్నిసార్లు హోళి పున్నమికే లెక్క కుదురుతుంది. 2024లో హోళి మార్చి 25న, ఈస్టర్ మార్చి 31న వచ్చాయి. తర్వాతివి: 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు పాత జూలియన్ క్యాలెండర్ ప్రకారం లెక్కవేస్తాయి కాబట్టి వాళ్ల ఈస్టర్ చాలాసార్లు వేరే ఆదివారం వస్తుంది.

శ్రమల దినాలు నలభై అంటారు, లెక్కపెడితే 46 వస్తున్నాయేంటి?

శ్రమల దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 రోజులే. మధ్యలో ఆరు ఆదివారాలు ఉంటాయి, వాటిని ఉపవాసం లెక్కలో కలపరు. ప్రతి ఆదివారం ఒక చిన్న ఈస్టర్ కాబట్టి ఆ రోజు ఉపవాసం చేయకూడదన్నది పాత పద్ధతి. మా దగ్గర చాలామంది ఆదివారాలు కూడా వదలకుండా చేస్తారు. వాళ్ల ఇష్టం.

ఆ వారంలో ఏ రోజు ఏం జరుగుతుంది?

మట్టల ఆదివారంతో మొదలు. యేసు గాడిదపిల్ల మీద యెరూషలేములోకి వచ్చినప్పుడు జనం ఖర్జూర మట్టలు పట్టుకుని ఎదురెళ్లారు. ఇక్కడ ఈత మట్టలే దిక్కు. శనివారం సాయంత్రమే యూత్ వాళ్లు ఊరి బయట ఈత వనానికి వెళ్లి నరుక్కొస్తారు, ముళ్లు గీరుకుని చేతులు ఎర్రబడతాయి. పిల్లలు ఆ ఆకులు మడిచి చిన్న సిలువలు చేస్తారు. కాథలిక్కుల ఇళ్లలో ఆ మట్ట ఏడాదంతా గోడకు ఉంటుంది. మరుసటి ఏడు భస్మ బుధవారం నుదుట పెట్టే బూడిద అలా ఎండిన మట్టలను కాల్చి చేసిందే.

గురువారం యేసు శిష్యులతో చేసిన చివరి భోజనం జ్ఞాపకం, ఆయన వాళ్ల కాళ్లు కడిగినట్టు కాళ్లు కడగడం. శుక్రవారం సిలువ. శనివారం పగలంతా ఏమీ ఉండదు. ఆ ఖాళీ కూడా కథలో భాగమే. శిష్యులకు ఆ రోజు ఆదివారం సంగతి తెలియదు, తలుపులు వేసుకుని భయంతో కూర్చున్నారు.

శుక్రవారం చనిపోయి ఆదివారం లేస్తే మూడు రోజులెట్లా అవుతుంది?

మూడు రోజులు గడిచాక కాదు, మూడో రోజున. మనింట్లో మూడొద్దులు ఎలా లెక్కపెడతాం? శుక్రవారం మనిషి పోతే ఆ రోజును కూడా కలుపుకుని ఆదివారం మూడో రోజు అంటాం, ఆ నాడే పిట్టకు పెడతాం. గంటలు ఎవరూ లెక్కపెట్టరు. యూదుల లెక్క కూడా ఇంతే, రోజులో కొంత భాగమైనా అది ఒక రోజే.

ఆయన లేవడం ఎవరు చూశారు?

ఎవరూ చూడలేదు. ఈ జవాబు విని చాలామంది ఆశ్చర్యపోతారు. బైబిల్లో యేసు కథ చెప్పే నాలుగు పుస్తకాలు, అంటే నాలుగు సువార్తల్లో ఏ ఒక్కటీ ఆ క్షణాన్ని వర్ణించదు. ఆదివారం తెల్లవారగట్ల స్త్రీలు వెళ్లేసరికి రాయి దొర్లించి ఉంది, లోపల ఎవరూ లేరు, అంతే. మెదక్ కథీడ్రల్‌కు వెళ్లినవాళ్లు అక్కడి మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు చూసే ఉంటారు. ఒకదాంట్లో యేసు పుట్టుక, ఒకదాంట్లో సిలువ, ఒకదాంట్లో పరలోకానికి వెళ్లడం. సిలువకూ ఆరోహణానికీ నడుమ జరిగిన ఆ ఒక్కటి గీయాలంటే చిత్రకారుడు ఊహించుకోవాల్సిందే, సువార్తలు ఏమీ అందించవు.

నాలుగు సువార్తల్లో ఈ కథ నాలుగు రకాలుగా ఎందుకుంది?

నిజమే, పొందిక లేదు. సమాధి దగ్గర కనిపించింది ఒక దూతా ఇద్దరా, వెళ్లిన స్త్రీలు ఎంతమంది, శిష్యులు యేసును చూసింది గలిలయలోనా యెరూషలేములోనా, వివరాలు తేడాగానే ఉంటాయి. దీనికి టెన్షన్ పడి అన్నింటినీ ఎలాగోలా అతికించే పుస్తకాలు ఉన్నాయి. నాకు ఆ పని నచ్చదు. సాక్షులు కూడబలుక్కుని చెబితే ఇంకా నున్నగా ఉండేది.

తేడాల కంటే ఒకేలా ఉన్నవాటిని చూడండి. నాలుగింటిలోనూ మొదట వెళ్లింది స్త్రీలే, నాలుగింటిలోనూ మగ్దలేనే మరియ పేరుంది. ఆ కాలంలో స్త్రీల సాక్ష్యానికి న్యాయసభల్లో విలువ తక్కువ. కథ అల్లేవాడైతే ముందు పెద్ద శిష్యుడు పేతురునే పంపేవాడు. లూకా అయితే దాచుకోకుండా రాశాడు, ఆడవాళ్లు వచ్చి చెబితే ముఖ్య శిష్యులైన అపొస్తలులు వెర్రిమాటలని కొట్టిపారేశారని.

మార్కు సువార్త మరీ విచిత్రం. బాగా పాతవైన ప్రతుల్లో అది, స్త్రీలు భయపడి పారిపోయారు, ఎవరితో ఏమీ చెప్పలేదు, అన్న దగ్గర ఆగిపోతుంది. యోహాను సువార్తలో మరియ ఏడుస్తూ, ఎదురుగా ఉన్నది తోటమాలి అనుకుంటుంది. "మరియా" అని పేరు పెట్టి పిలిచాక గానీ గుర్తుపట్టదు. ఎమ్మాయు అనే ఊరికి పోయే తొవ్వలో ఇద్దరు శిష్యులు ఆయనతోనే నడుస్తూ, ఆయన చనిపోయిన సంగతి ఆయనకే చెప్పుకొస్తారు. రొట్టె విరిచే దాకా తెలియదు. లూకాలోనే ఇంకో చోట, దయ్యమేమో అని శిష్యులు వణికిపోతుంటే, తినడానికి ఏమైనా ఉందా అని అడుగుతాడు. కాల్చిన చేప ముక్క ఇస్తారు. వాళ్ల ముందే తింటాడు. పండుగ ప్రసంగాల్లో ఈ చేప ముక్క గురించి చెప్పేవాళ్లు తక్కువ, పునరుత్థానం మీద ఇంతకు మించిన ప్రసంగం నాకైతే కనిపించలేదు.

ఇది నిజంగా జరిగిందనడానికి చరిత్రలో ఆధారం ఉందా?

ఎంతవరకు ఉందో అంతవరకే చెబుతాను. రోమన్ గవర్నర్ పొంతి పిలాతు కాలంలో యేసును సిలువ వేశారన్నది విశ్వాసం లేని చరిత్రకారులు కూడా ఒప్పుకునే విషయం. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ఈ మరణశిక్ష గురించి రాశాడు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా రాశాడు, కాకపోతే ఆయన రాసిన ఆ భాగంలో తర్వాతి క్రైస్తవులు చేయి పెట్టారని పండితులు అంటారు. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయ తవ్వకాల్లో దొరికింది.

యేసు లేచాడన్న నమ్మకం కూడా చాలా ముందునుంచి ఉన్నదే. పౌలు కొరింథు సంఘానికి మొదటి పత్రిక రాసింది క్రీ.శ. 55 ప్రాంతంలో. సిలువ వేసి అప్పటికి పాతికేళ్లు. అందులో ఆయన, నాకు అప్పగించినదే మీకు అప్పగించాను అంటూ యేసు ఎవరెవరికి కనిపించాడో వరుసగా చెబుతాడు. ఐదు వందల మందికి పైగా ఒకేసారి చూశారని, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని రాశాడు. అంటే, పోయి అడుక్కోండి అన్నట్టే.

శిష్యులు దాన్ని గట్టిగా నమ్మారు, ఆ నమ్మకం కోసం దెబ్బలు తిన్నారు. చరిత్ర పట్టుకెళ్లేది అక్కడివరకే. ఆ తర్వాత అడుగు విశ్వాసానిది. సైన్సుతో రుజువైపోయింది అని వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డులను దయచేసి పంపకండి.

పునర్జన్మా, పునరుత్థానమూ ఒకటేనా?

కాదు. పునర్జన్మలో ప్రాణం పాత ఒంటిని విడిచి, కర్మను బట్టి మరో ఒంట్లోకి పోతుంది. పునరుత్థానంలో ఆ మనిషే, ఆ ఒంటితోనే, ఇక చావు లేకుండా లేస్తాడు. ఒక్కసారే.

చనిపోయి మళ్లీ బతకడం కూడా ఇది కాదు. సువార్తలో యేసు లేపిన లాజరు నాలుగు రోజుల తర్వాత సమాధిలోంచి బయటికొచ్చాడు. సత్యవంతుడికి యముడి దగ్గర్నుంచి తిరిగొచ్చిన ప్రాణం లాంటిదే అది. లాజరు తర్వాత ముసలివాడై మళ్లీ చనిపోయే ఉంటాడు. యేసు చావు నుంచి వెనక్కి రాలేదు, దాన్ని దాటి అవతలికి వెళ్లాడని మా విశ్వాసం.

మరి లేచే శరీరం ఎలా ఉంటుంది? కాలి బూడిదైనవాళ్ల సంగతేంటి?

కొరింథువాళ్లు కూడా ఇదే అడిగారు. పౌలు విత్తనం చూపించాడు. నాటేది గింజ, మొలిచేది మొక్క. గింజకూ మొక్కకూ పోలికే ఉండదు, కానీ ఆ గింజదే ఆ మొక్క. ఈస్టర్ రోజుల్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ నిండా ఎర్రగా కనిపించే మిర్చి బస్తాలు చూసి, అదంతా గుప్పెడు గింజలు నాటితే వచ్చిందని కొత్తవాళ్లకు చెబితే నమ్ముతారా? దహనం చేసినా, నీళ్లలో పోయినా దేవుడికి అడ్డేమీ కాదని సంఘాలన్నీ ఒప్పుకుంటాయి. పాతిపెట్టడం ఆచారం, అది షరతు కాదు.

గాయాల సంగతి మాత్రం మరిచిపోకూడదు. శిష్యుడు తోమా ముట్టుకుంటేనే నమ్ముతానన్నాడు. లేచిన యేసు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. దేవుడు కొత్త ఒళ్లు ఇచ్చి పాతదాన్ని పారేయలేదు. మన కష్టం, మన ఆకలి, రోగం, మనుషులు ఒకరి ఒంటి మీద ఒకరు చేసిన హింస, ఇవేవీ దేవుడికి లెక్కలేనివి కావని నాకు అర్థమయ్యేది ఇక్కడే. ఒళ్లు విడిచి వెళ్లిపోవడమే మోక్షమైతే ఇక్కడ ఆస్పత్రి ఎందుకు, బడి ఎందుకు, కరువులో గంజి పోయడం ఎందుకు?

ఈస్టర్ నాడు సమాధుల దగ్గరికి ఎందుకు వెళ్తారు? ఇది పెత్రమాస లాంటిదా?

హిందూ స్నేహితులు ఎక్కువగా అడిగేది ఇదే. పైకి చూస్తే పోలిక ఉంది. పండుగకు వారం ముందే సమాధుల చుట్టూ ముళ్లకంప కొట్టేస్తారు, సున్నం వేస్తారు, సిలువ మీద చెరిగిపోయిన పేర్లు మళ్లీ రాయిస్తారు. ఆదివారం తెల్లవారకముందే, నాలుగింటికే, ఆటోల్లో, బండ్ల మీద కుటుంబాలు వచ్చేస్తాయి. బంతిపూల రెక్కలు చల్లి, సమాధి అంచు మీద వరసగా కొవ్వొత్తులు నిలబెడతారు. గాలికి ఆరిపోతుంటే పక్క సమాధి వాళ్ల కొవ్వొత్తితో మళ్లీ ముట్టించుకుంటారు. మైక్‌సెట్ వాడు వైర్లు సరిచేసేలోపే ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు.

తేడా ఉద్దేశంలో ఉంది. పెత్రమాసకు పెద్దలకు బియ్యం ఇస్తారు, వాళ్లకు చేరుతుందని నమ్ముతారు. ఈస్టర్ నాడు మేం పోయినవాళ్లకు ఏమీ పెట్టం. కాథలిక్కులు వాళ్ల ఆత్మశాంతికి ప్రార్థిస్తారు, ప్రొటెస్టంట్లు అదీ చేయరు. స్త్రీలు సమాధికి వెళ్లిన వేళకే మేమూ వెళ్తాం, వీళ్లు కూడా ఒకరోజు లేస్తారని ఆ మట్టి దగ్గరే నిలబడి చెప్పుకుంటాం. సమాధి మీద పలహారం పెట్టేవాళ్లు కూడా కనిపిస్తారు. పాస్టర్లు కోప్పడతారు, నాకు మాత్రం ఆ అవ్వలను ఏమీ అనబుద్ధి కాదు.

అన్ని చర్చిల్లో ఒకేలా చేస్తారా?

లేదు. 1952లో ఏర్పడిన వరంగల్ కాథలిక్ పీఠానికి కాజీపేట ఫాతిమానగర్‌లోని కథీడ్రల్ కేంద్రం. కాథలిక్కులకు శనివారం రాత్రి పాస్కా జాగరణే ముఖ్యం. చీకట్లో బయట కొత్త మంట వేసి, దాంతో పెద్ద పాస్కా కొవ్వొత్తి వెలిగిస్తారు. దాని మీద ఆ సంవత్సరం అంకెలు, ఐదు గాయాలకు గుర్తుగా ఐదు సాంబ్రాణి గింజలు ఉంటాయి.

సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకు సూర్యోదయ ఆరాధన, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభురాత్రి భోజనం. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన కథీడ్రల్‌ను చూడండి, గుడి మంటపం లాంటి స్తంభాలు, మసీదు లాంటి గుమ్మటాలు. కట్టించిన వి.ఎస్. అజరయ్య 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. ఈ నేల మీది విశ్వాసం ఈ నేల రూపంలోనే ఉండాలన్నది ఆయన పట్టుదల. బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లలో ఈస్టర్‌కు బాప్తిస్మాలు ఇచ్చే సంఘాలున్నాయి. నీళ్లలో మునగడం పాతిపెట్టడానికి, లేవడం పునరుత్థానానికి గుర్తు. ఎండలకు చెరువులో నీళ్లు మోకాళ్ల దాకా కూడా ఉండవు కాబట్టి ఇప్పుడు చాలాచోట్ల తొట్లే. బైబిల్లో చెప్పలేదని ఈస్టర్‌ను పండుగగా చేయని గుంపులు కూడా ఉన్నాయి.

మా ముస్లిం ఫ్రెండ్ యేసును సిలువే వేయలేదంటున్నాడు.

ఖురాన్ నాలుగో సూరా, 157వ ఆయతులో ఆ మాట ఉంది. ఈసా అలైహిస్సలాంను చంపలేదు, అల్లా తన దగ్గరికి ఎత్తుకున్నాడని వాళ్ల విశ్వాసం. ఇక్కడ మనకూ వాళ్లకూ తేడా ఉంది, దాన్ని కప్పిపెట్టాల్సిన పనిలేదు. ఖయామత్ రోజున చనిపోయినవాళ్లంతా లేస్తారని మాత్రం ఇద్దరం నమ్ముతాం.

గుడ్లు, కుందేలు?

బైబిల్లో లేవు. ఒకప్పుడు శ్రమల దినాల్లో గుడ్లు తినడం నిషేధం కాబట్టి పండుగకు రంగులేసి పంచుకునేవాళ్లు, కుందేలు జర్మనీ నుంచి వచ్చింది. బేకరీలో కనిపిస్తే పిల్లలకు కొనిపెట్టండి.

మేం క్రైస్తవులం కాదు. ఏం చెప్పాలి, చర్చికి రావొచ్చా?

"హ్యాపీ గుడ్ ఫ్రైడే" అని స్టేటస్ మాత్రం పెట్టకండి, అది చావును తలుచుకునే రోజు. ఈస్టర్‌కు శుభాకాంక్షలు చెప్పొచ్చు. ఎవరైనా "ప్రభువు లేచాడు" అంటే "నిజంగా లేచాడు" అని జవాబు. ఆరాధనకు నిరభ్యంతరంగా రండి. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే సమయంలో మీ చోటే కూర్చోండి, అది బాప్తిస్మం పొందినవాళ్లకే ఇస్తారు.

ఇంట్లో మనిషి పోయి ఏడాది కూడా కాలేదు. ఈస్టర్ చేసుకోవచ్చా?

ఏడాది దాకా పండుగ చేయొద్దన్నది మన ఊళ్ల పద్ధతి, క్రైస్తవ ఇళ్లలోనూ పాటిస్తారు. కొత్త బట్టలు, పిండివంటలు వద్దనిపిస్తే మానేయండి, ఎవరూ తప్పుపట్టకూడదు. ఆరాధన మాత్రం మానకండి. "చనిపోయినవాళ్లు లేస్తారు కదా, ఏడవొద్దు" అని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. లాజరును లేపబోతున్నాడని తెలిసి కూడా యేసు ఆ సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. పాట నోటికి రాకపోతే పక్కవాళ్లు పాడుతుంటే వినండి. సంఘం అనేది అందుకే.

ఆ ఆదివారంతో అయిపోతుందా?

కాదు, ఈస్టర్ కాలం యాభై రోజులు. శ్రమల దినాల కంటే ఎక్కువ, అయినా ఎవరికీ గుర్తుండదు. నలభయ్యో రోజు గురువారం ఆరోహణం, యాభయ్యో రోజు ఆదివారం, శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు. 2027లో ఇవి మే 6న, మే 16న వస్తాయి.